రెండోవైపు ఆఖరి పాట

వన్ టౌన్ ఉప్పువారి సందులో తెల్లారితే మొదటి పని కాఫీ కాదు, చీపురు. కొండల మీంచి రైలు పెట్టెల్లో దిగే ఇనప ఖనిజాన్ని రేవులో గుట్టలుగా పోస్తారు. ఓడ ఎక్కేదాకా అది అక్కడే పడి ఉండాలి గానీ, ఉండదు. గాలి ఎటు తిరిగితే అటు పిలవని పేరంటానికి బయల్దేరుతుంది. ఎర్రగా, మెత్తగా వచ్చి గడప మీద, దండెం మీద, నీళ్ళ బిందె మీద, పడుకున్నవాడి కనురెప్పల మీద కూర్చుంటుంది. ఆ సందులో తెల్ల పంచె కట్టినవాడు లేడు. కొన్నప్పుడు తెల్లగానే ఉంటుంది, నాలుగు ఉతుకులయ్యేసరికి ఇటుక రంగుకి తిరుగుతుంది. అందుకు ఎవరూ పెద్దగా బాధపడేవారు కాదు. సముద్రం పక్కన కాపురం పెట్టి ఉప్పుగాలికి ఏడిస్తే ఎలాగ అన్నట్టు ఉండేవారు.

గవర్రాజుకి ఆ ధూళితో మరికాస్త దగ్గర చుట్టరికం. అతను ఖనిజం యార్డులోనే బెల్టు ఆపరేటరు. పొద్దున్న గదిలో ఊడ్చి పారబోసినదాన్నే షిఫ్టుకెళ్ళి మళ్ళీ బెల్టు మీద చూసుకునేవాడు. రామచంద్రపురం దగ్గర పల్లెటూరు వాళ్ళది. అరవై అయిదులో పాతికేళ్ళవాడు ఉద్యోగానికని వచ్చాడు. ఇది ఎనభై నాలుగు. పెళ్ళి కాలేదు. సంబంధాలు వచ్చాయి, ఇదిగో అదిగో అంటూండగానే పోయాయి. తాయారమ్మగారి మేడ మీద ఒంటిగదిలో పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాడు. మెస్సు నుంచి క్యారియరు, మూలన రేడియో, ఒక మంచం, మంచం కింద ఎన్నాళ్ళుగానో ముట్టుకోని రికార్డు ప్లేయరు. రోజు మొత్తం మీద అతను మాట్లాడే మాటలు పాతిక దాటితే ఎక్కువ. అందులో సగం "సరేనండి"లే.

ఒంటరితనం మనిషికి అలవాటైపోతుందంటారు. అబద్ధం. చెప్పుకోవడం మానేస్తాడు, అంతే.

పూర్ణా మార్కెట్ వెనక సత్యం కొట్టుంది. ఓడలవాళ్ళు అమ్ముకున్నవీ వదిలేసుకున్నవీ అన్నీ చివరికి అక్కడ చేరతాయి. ఇత్తడి దీపాలు, రబ్బరు బూట్లు, దుప్పట్లు, ఏ భాషో తెలియని పుస్తకాలు. జూన్ నెలలో ఒక మధ్యాహ్నం గవర్రాజు టార్చిలైటు కోసమని వెళ్ళాడు. సత్యం బూట్ల కిందనుంచి ఒక అట్టపెట్టె లాగితే, దాంతోపాటు ఒక ఎల్పీ రికార్డు జారి గవర్రాజు కాళ్ళ దగ్గర పడింది.

దాని అట్ట మీద నారింజ రంగు ఆకాశంలో ఊదా రంగు చేపలు ఎగురుతున్నాయి. పైన అక్షరాలు ఎండలో పెట్టిన లక్కలా కరిగి కారుతున్నాయి. అవి ఏ అక్షరాలో పన్నెండేళ్ళ కిందటా పోల్చుకోలేకపోయాడు, ఇప్పుడూ పోల్చుకోలేకపోయాడు. అట్టని మాత్రం పోల్చుకున్నాడు. రికార్డు బయటికి తీసి, కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని చూశాడు. ఒక పక్క చిన్న అలలాగా లేచి ఉంది. అదే! అలాంటి రికార్డులు లోకంలో ఎన్నయినా ఉండొచ్చు. కంచరపాలెంలో ఒక కిటికీ మీద, మే నెల ఎండకి సరిగ్గా ఆ చోటే వంగినది మాత్రం ఒక్కటే ఉంటుంది.

"ఏటి బావా, ఇంగిలీసు పాటలు ఇంటావేటి నువ్వు?" అన్నాడు సత్యం. "అది పాట గాదు. నాను ఓపాలి ఏసి సూసినాను. గిన్నెల కొట్టు కూలిపోయినట్టుంది."

"ఇది నాదేనండి," అన్నాడు గవర్రాజు. మళ్ళీ తనే, "నాది కాదులెండి. మా రమణమూర్తిది," అన్నాడు.

రమణమూర్తి విజయనగరం వైపు మనిషి. డెబ్బై ఒకటి, డెబ్బై రెండుల్లో కంచరపాలెంలో ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. ఒకే యార్డు, ఒకే షిఫ్టు, ఒకే కూర. ఒక పోలండు ఓడ నావికుడికి ఏటికొప్పాక లక్కబొమ్మల జత ఇచ్చి, బదులుగా ఈ రికార్డు తెచ్చాడు రమణమూర్తి. ప్లేయరు గవర్రాజుది. అంటే ఒకరు లేకపోతే ఇంకొకరికి పాట లేదన్నమాట. మొదటిసారి వేసినప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గిటారు వెనక్కి నడుస్తోంది. ఆర్గను నీళ్ళ అడుగునుంచి మోగుతోంది. పాడేవాడు వాక్యం మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోయి, నాలుగు డప్పుల తర్వాత తిరిగొస్తున్నాడు. "ఈడికి జొరమేమో బావా," అన్నాడు రమణమూర్తి. అయినా రెండో ఆదివారం మళ్ళీ వేశారు. మూడో ఆదివారానికి అది లేకపోతే అన్నం సయించని స్థితికొచ్చారు. అందులో రెండోవైపు ఆఖరి పాట మరీను. ఆ జ్వరమంతా సద్దుమణిగి, ఒక్క మనిషి, ఒక్క గిటారు మిగిలేవి. ఒక్క మాటా తెలియకపోయినా అది విన్నంతసేపూ ఇద్దరూ కదిలేవారు కాదు.

ఒక మే నెలలో రమణమూర్తి రికార్డుని కిటికీ మీద మర్చిపోయి షిఫ్టుకెళ్ళాడు. వచ్చేసరికి వంగిపోయింది. రికార్డు ఎవరిది? రమణమూర్తిది. కోపం ఎవరికొచ్చింది? గవర్రాజుకి. "నీ చేతిలో ఏదీ నిలవదురా. వస్తువూ నిలవదు, మనిషీ నిలవదు," అనేశాడు. అంతకు నెల ముందే రమణమూర్తికి కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.  వారం తిరక్కుండా రమణమూర్తి రూర్కెలాలో పని చూసుకుని, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. రికార్డు ఉంచేశాడు. ఉత్తరం ముక్క రాలేదు. ఆ కోపంలోనే గవర్రాజు రికార్డుని పాత సామాన్లవాడికి వేసేశాడు. కోపం పోయాక వెతికాడు, దొరకలేదు. డెబ్బై ఆరులో ఎవరో చెప్పారు, రమణమూర్తి అక్కడ పచ్చకామెర్లతో పోయాడని.

ఇదీ సంగతి. కంచరపాలెంలో ధూళి ఉండేది కాదు గనక ఆ రికార్డు ఇంకేం చేయగలదో అప్పట్లో వాళ్ళకి తెలియలేదు.

తెలిసింది సత్యం కొట్లో అది మళ్ళీ దొరికిన మర్నాడు. ఆదివారం పొద్దున్న గవర్రాజు ప్లేయరు తుడిచి, ముల్లు కొత్తది వేసి, రికార్డు పెట్టాడు. మొదటి పాటలో డప్పు మొదలవగానే గది నేల మీద ఎర్రధూళి జానెడెత్తు లేచింది. కిటికీలోంచి వరస కట్టి బయటికి వెళ్ళింది. సందులో పెంకుల మీంచి, అరుగుల మీంచి, దండేల మీంచి, అందరి ధూళీ లేచి, కొబ్బరిచెట్ల తలల పైదాకా వెళ్ళి, అక్కడ పందిరిలాగా నిలబడి, రికార్డు తిరిగినట్టే మెల్లగా తిరగసాగింది. రికార్డు రెండువైపులా అయిపోయాక వచ్చిన దారినే వచ్చి ఎక్కడిది అక్కడ కూర్చుంది.

తాయారమ్మగారు మెట్ల కిందనుంచి కేకేసింది. "గవర్రాజు బాబూ! మరోపాలి ఏసీండి. అప్పడాలు ఒత్తి రెడీగా ఉన్నాయి."

వారం తిరిగేసరికి సందంతటికీ అది పంచాంగం అయిపోయింది. గవర్రాజు షిఫ్టు దిగి ఎప్పుడొస్తాడో, ఎప్పుడు ముల్లు పెడతాడో అందరికీ తెలుసు. మొదటి పాటకి బట్టలు పిండాలి. రెండో పాటకి ఆరెయ్యాలి. మూడో పాటలో గిటారు వెనక్కి నడిచేచోట వడియాలు తిరగెయ్యాలి. పెళ్ళిచూపులవాళ్ళు వస్తే రెండోవైపు మొదట్లో లోపలికి తీసుకురావాలి. ఇక ఆఖరి పాట వచ్చిందంటే చూడాలి సందులో హడావిడి! "దింపండే, దింపండే" అని కేకలు, బకెట్ల చప్పుడు, పసిపిల్లల్ని చంకనేసుకుని పరుగులు. గవర్రాజు పన్నెండేళ్ళు ఎదురుచూసిన పాట ఆ బకెట్ల చప్పుడులో కలిసిపోయేది. అతను కిటికీ మూసుకుని ప్లేయరు దగ్గరికి జరిగి వినేవాడు. అందరూ అతన్ని పాట వెయ్యమనేవారే. పాట విన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఒక్క చిలకమ్మ తప్ప.

చిలకమ్మ కింద వాటాలో ఉండేది. నలభై ఏళ్ళు ఉంటాయి. వాళ్ళది ఆనందపురం. రేవులో కళాసీగా పనిచేసే భర్త ఆరేళ్ళ కిందట పోయాడు. అప్పట్నుంచీ కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టుకుని బతుకుతోంది. ఆమెకి ఉబ్బసం. ధూళికి ఊపిరాడేది కాదు. ఆమె పడుకోగా చూసినవాళ్ళు లేరు. రెండు తలగడలు పెట్టుకుని, గోడకి చేరబడి, కూర్చునే కునికేది. కుడుతున్నప్పుడు మిషను చప్పుడు ఆగితే, వెనకాల ఆమె పిల్లికూతలు గవర్రాజుకి పైకి వినిపించేవి.

పాట మొదలవగానే ఆమె మెల్లగా మెట్లెక్కి, పై మెట్టు మీద గుమ్మానికి అవతల కూర్చునేది. లోపలికి రాదు, పిలవడానికి అతనికీ నోరు రాదు. ధూళి పైకెళ్ళిన ఆ నలభై నిమిషాలూ ఆమె నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకునేది. చాలామంది పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చేసే పని అది. ఆమెకి మాత్రం రోజూ కొత్తగా ఉండేది.

ఒకరోజు ఆఖరి పాట అయ్యాక ఆమె అడిగింది. "ఆ సివరి పాట పాడతన్నాయన ఏడుత్తన్నాడేటండి, నవ్వుతన్నాడా?"

 పన్నెండేళ్ళలో అతన్ని ఎవరూ అలాంటి మాట అడగలేదు. "నాకూ తెలీదండి," అన్నాడు. "మా రమణమూర్తి ఏడుస్తున్నాడనేవాడు. నేను కాదనేవాణ్ణి."

"రెండూనేమో," అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి గవర్రాజు మెస్సు క్యారియరులో అన్నం మిగల్చకుండా తిన్నాడు.

సెప్టెంబరులో సత్యం ఒక మాట చెప్పాడు. ముల్లు తిరిగిన ప్రతిసారీ రికార్డుని కొంచెం తింటుందట. "రోజుకి రెండుసార్లు ఏత్తే ఏడాది కూడా ఉండదు బావా. పాట అరిగిపోయి ఉత్త బరబర మిగులుద్ది."  అప్పట్నుంచీ గవర్రాజు మొదటివైపే వేసేవాడు. రెండోవైపు ఆదివారాలకి దాచుకునేవాడు. సందులో అందరూ సణిగారు, సగం పాటకి వడియాలు ఎలా ఎండుతాయని. చిలకమ్మ సణగలేదు. నలభై నిమిషాల ఊపిరి ఇరవై నిమిషాలైంది, అంతే. మిగతా రోజంతా మునుపటి కూతలే. ఒక శుక్రవారం ఆమెకి ఊపిరి మరీ అందక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు, ఈ ధూళిలోంచి వెళ్ళిపోతే తప్ప ఈ చలికాలం దాటడం కష్టమని.

ఆనందపురంనుంచి ఆమె అన్న అప్పలసూరి వచ్చాడు. కూరగాయల లోడు తోలించే మనిషి. దసరా వెళ్ళాక వచ్చే ఆదివారం మధ్యాహ్నం లారీ తెస్తాను, సామాను కట్టి ఉంచు అని చెప్పి వెళ్ళాడు.

"ఎల్లాలని నేదండి," అంది చిలకమ్మ ఆరోజు మెట్టు మీద. "ఇక్కడయితే నా మిషను, నా తిండి. అక్కడ వదిన సేతి కూడు. మంచిదే మా వదిన. మంచోళ్ళ సేతి కూడు తినడం మరీ కట్టం."

గవర్రాజు ఏదైనా అనాలనుకున్నాడు. ఉండిపోండి అనాలనుకున్నాడు. ఊపిరాడని చోట ఉండమని ఏ మొహం పెట్టుకుని అనడం? "సరేనండి," అన్నాడు.

ఆయుధపూజ వచ్చింది. ఆరోజు యార్డులో పని సగమే. బెల్టులకీ, మోటార్లకీ, స్పానర్లకీ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, బూందీ పొట్లాలు పంచుతారు. గవర్రాజు పొద్దున్నే వెళ్ళాడు. నీళ్ళు పట్టి ఉంచడానికి తాళంచెవి ఎప్పట్లాగే తాయారమ్మగారి దగ్గర ఇచ్చాడు.

సందులో ఆడవాళ్ళంతా కత్తిపీటలకీ, రోళ్ళకీ, కుట్టుమిషనుకీ పసుపు కుంకాలు పెట్టారు. అప్పుడు తాయారమ్మగారికి తోచింది. పనిచేసే వస్తువుకి పూజ చెయ్యాలి కదా, సందు మొత్తానికి పనిచేసే వస్తువు పైనుందే మరి! అందరూ గవర్రాజు గదిలోకి వెళ్ళారు. బొట్టు ఎవరు పెట్టాలన్నప్పుడు చిలకమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది, భర్త లేనిదాన్నని. తాయారమ్మగారు ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాగింది. "దీని పేరు సెప్పి ఊపిరి తీసుకున్నది నువ్వు. నువ్వుగాక మరెవులు పెడతారే?"

చిలకమ్మ తన చేతుల్తో రికార్డుని కుంకుడురసంతో కడిగింది. మెత్తని పాత చీరముక్కతో తుడిచింది. గవర్రాజుకి ఇష్టమైన వైపు ఏదో ఆమెకి తెలుసు. ఆ వైపు పైకి పెట్టి, గంధం తీసి, పసుపు కలిపి, చుట్టూ తొమ్మిదిచోట్ల చక్కగా బొట్లు పెట్టి, మధ్యన కుంకం అద్దింది. ప్లేయరుకి బంతిపూల దండ వేసింది. మధ్యాహ్నం ఎండకి గంధం గట్టిగా ఎండింది.

గవర్రాజు బూందీ పొట్లంతో వచ్చి చూశాడు. చేతిగుడ్డతో తుడిచాడు. పైది పోయింది, గీతల్లో దిగినది పోలేదు. ముల్లు పెట్టాడు. టకటకమంటూ మొదటి పాటలు ఎలాగో గట్టెక్కాయి. ఆఖరి పాటకి ముందు పాటలో, ఆర్గను పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఉండే చోట, ముల్లు ఒకే గీతలో ఇరుక్కుపోయింది. ఒక మెట్టు ఎక్కి, మళ్ళీ కిందకొచ్చి, మళ్ళీ అదే మెట్టు. ఆ గీత దాటి ముందుకు వెళ్ళలేదు. ముల్లు ఎత్తి అవతల పెట్టాలని చూశాడు. వంపు మీద అది జారి మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆఖరి పాట లేదు.

చిలకమ్మ ఎప్పట్లాగే పై మెట్టు మీదికి వచ్చి కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. "బాగున్నాదాండి?" అంది.

"మీ చెయ్యి పడితే ఏదైనా..." అన్నాడు గవర్రాజు.

అని ఆగిపోయాడు. మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది. కానీ భర్త పోయిన మనిషికి ఆ సగం చాలు. ఆమె మొహంలో వెలుగు ఎవరో దీపం ఒత్తి నొక్కినట్టు పోయింది. లేచి, కొంగు సర్దుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగింది. గవర్రాజు ప్లేయరు ఆపేశాడు. ధూళి దిగి గదంతా పరుచుకుంది.

తర్వాత నాలుగు రోజులు అతను రికార్డు వెయ్యలేదు. సందులో దండేలన్నీ ఎర్రబడ్డాయి. కింద వాటాలో పిల్లికూతలు, ట్రంకుపెట్టె మూత తీసి వేసిన చప్పుడు. ఒకసారి రమణమూర్తిని అన్నాడు, ఇప్పుడు ఈమెని అన్నాడు. చేతిలో వస్తువూ మనిషీ నిలవనిది ఎవరికో గవర్రాజుకి ఇప్పుడు బాగా తెలిసింది. వెళ్ళి క్షమించమని అడగాలని మూడుసార్లు మెట్ల దాకా వచ్చి మూడుసార్లూ వెనక్కి వెళ్ళాడు.

శనివారం సత్యం దగ్గరికి వెళితే అతను రికార్డుని వెలుతురులో తిప్పి చూసి నవ్వాడు. "ఓస్, గందమే కదా. ఈ స్పిరిట్ ఏసి, మెత్తని కుంచెతో గీత ఎంబడి తుడిసీ. అయిదు నిమిసాల పని. పాట ఎక్కడికీ పోలేదు బావా, అడుగునే ఉంది." చిన్న సీసాలో స్పిరిట్, ఒక కుంచె ఇచ్చాడు.

ఆదివారం పదకొండింటికి గవర్రాజు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఒక పక్క స్పిరిట్ సీసా, ఒళ్ళో కుంచె. ముల్లు సరిగ్గా ఎక్కడ ఆగుతోందో గుర్తు పెట్టుకుందామని ఒక్కసారి రికార్డు వేశాడు. పాటలు గడిచాయి. ధూళి లేచి వెళ్ళింది. ఆర్గను మెట్టెక్కింది, దిగింది, మళ్ళీ అదే మెట్టెక్కింది. అతను చెయ్యి చాచి ముల్లు తియ్యబోయాడు.

అప్పుడు తెలిసింది, కింద నిశ్శబ్దంగా ఉందని. పిల్లికూతలు లేవు.

గాభరాగా రెండేసి మెట్లు దిగి వెళ్ళాడు. కింద వాటా తలుపు తీసే ఉంది. కట్టేసిన మూటల మధ్య చిలకమ్మ గోడకి చేరబడి ఉంది. కళ్ళు మూతలు పడ్డాయి. గుండె మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది. అతను చూస్తూండగానే ఆమె భుజం గోడమీంచి కొంచెం జారింది. ఇంకాస్త జారింది. మెలకువ వస్తుందనుకున్నాడు, రాలేదు. ఎవరో చేతులతో పట్టి దింపినట్టు, నెమ్మదిగా వాలిపోయి, నేలకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, వెల్లకిలా పడుకుంది.

గవర్రాజు పైకి వచ్చి కూర్చున్నాడు. ఒక వైపు ఇరవై నిమిషాలకి అయిపోతుంది. ఇది అయిపోదు. ఈ గంధం గీతలో ఉన్నంతకాలం ఆర్గను ఆ మెట్టు దాటదు, ధూళి దిగదు. తుడిస్తే అయిదు నిమిషాల్లో ఆఖరి పాట వస్తుంది. రమణమూర్తితో కూర్చుని విన్న పాట, అతని తర్వాత అతని బదులు మిగిలిన పాట. ఆ మూడు నిమిషాలయ్యాక అందరూ బకెట్లు పట్టుకుని పరిగెడతారు, కింద ఆమె లేచి కూర్చుంటుంది. అతను కుంచె చేతిలోకి తీసుకున్నాడు, పెట్టేశాడు, మళ్ళీ తీసుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎవరూ లేరు గనక తుడుచుకోలేదు.

రెండింటికి లారీ వచ్చింది. అప్పలసూరి కేకేస్తూనే లోపలికి అడుగుపెట్టాడు. "సిలకా! సామాను అయిందా?" అని, అంతలోనే నోరు మూసుకున్నాడు. గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డాడో. తర్వాత చెప్పులు చేతిలో పట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చాడు.

"ఎప్పటినుంచి పడుకున్నాదండి?"

"పదకొండున్నరనుంచండి."

"ఈపు నేలకానించి..." అన్నాడు అప్పలసూరి.  "ఆరేళ్ళయినాది బాబూ. మా యమ్మ పోయినప్పుడు కూడా గోడకి సేరబడే ఏడిసినాది, పడుకుంటే సచ్చిపోతానని." పైకి, కొబ్బరిచెట్ల మీద తిరుగుతున్న ఎర్రపందిరి కేసి ఒకసారి చూశాడు. ప్లేయరు కేసి చూశాడు. "ఇది ఆగుద్దాండి?"

గవర్రాజు స్పిరిట్ సీసా మూత బిగించాడు. "ఆగదండి," అన్నాడు. "నేనుండగా ఆగదు."

అప్పలసూరి తల ఊపాడు. ఇంకో గంట మెట్ల మీద కూర్చున్నాడు, ఒకవేళ లేస్తుందేమోనని. లేవలేదు. చివరికి డ్రైవరుతో, లారీని సందు చివరికి నెట్టుకెళ్ళాకే ఇంజను స్టార్టు చెయ్యి అని చెప్పాడు. ఇద్దరూ తోసుకుంటూ వెళ్ళారు. ఉత్త లారీ ఆనందపురం వెళ్ళిపోయింది.

చిలకమ్మ అయిదింటికి లేచింది. బయట బట్టలన్నీ ఎప్పుడో ఆరిపోయి, ఎవరూ తియ్యకుండా అలాగే ఊగుతున్నాయి. తొందర లేదు మరి. ఆమె జుట్టు ముడేసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. బుగ్గ మీద మూట ముడి అచ్చు పడి ఉంది.

"ఆరోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు గవర్రాజు.

"సగమే అన్నారు కదండి," అంది. "సగం మాటకి పూర్తి కోపం ఎందుకు?"

 అతను రమణమూర్తి గురించి చెప్పాడు. కిటికీ సంగతి, అన్న మాట, రూర్కెలా, పచ్చకామెర్లు. పన్నెండేళ్ళు చెప్పుకోనిది అరగంటలో చెప్పేశాడు.  ఆర్గను మెట్టెక్కి దిగుతూనే ఉంది.

"అయితే మీ పాట నా గందం వల్ల పోనాదన్నమాట," అంది చివరికి.

"పోలేదండి. అడుగునే ఉంది. వెయ్యను, అంతే."

ఆమె ప్లేయరు కేసి చూసింది. "ఎలాగుంటాదో ఓసారి మీరు పాడండి."

"నాకు పాడ్డం రాదండి."

"నాకు ఇనడం వొచ్చు."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. మాటలు లేకుండా రాగం తీశాడు, మొదటి వరుస వచ్చింది. రెండో వరుస వచ్చింది. మూడోది వస్తుందని నోరు తెరిస్తే అక్కడేమీ లేదు. కళ్ళు మూసుకుని వెతికాడు. వారం తిరక్కుండా పోయిందో, ఏళ్ళ కిందటే పోయిందో, రికార్డు తిరుగుతున్నన్నాళ్ళూ పోయిందని తెలియలేదో. "మర్చిపోయానండి," అన్నాడు. అన్నాక దుఃఖం ముంచుకొచ్చింది.

"గుర్తున్న కాడికి పాడండి," అంది చిలకమ్మ.

గుర్తున్న కాడికి పాడాడు. రెండు వరుసలే. అయిపోయాక మళ్ళీ అవే పాడాడు. ఆమె ఆవేళ గుమ్మం దాటి లోపలికి వచ్చి, గోడకి చేరబడకుండా, నేల మీద తిన్నగా కూర్చుని వింది.